పొడుగైంది పన్ను కాదు!
(సంఘ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమంటే మనం బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు దాటి వెళ్ళం. ఈ రోజు నేను మనవల పళ్ళ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. వాళ్ళ క్లిప్పుల ఖర్చు చాలా ఇళ్ళల్లో మన పెన్షన్లోంచే కదా!

మా మనవరాలికి ఎత్తుపళ్ళని పదిహేనో ఏట క్లిప్పులు వేయించాం. రెండేళ్ళకు పలువరుస చక్కగా కుదిరింది. మరో మూడేళ్ళకు కింది ముందుపన్ను ఒకటి పొడుగ్గా కనబడసాగింది. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటోందని పిల్ల అంటే, "పన్ను పెరిగిందేమోలే, గట్టిగా తోముకో" అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

చిగుళ్ళ వైద్యురాలు చూసి, "పొడుగైంది పన్ను కాదండీ, జారింది చిగురు" అన్నారు. కింది ముందుపళ్ళ వేళ్ళకు పెదవివైపున్న ఎముక చాలా పల్చన. పళ్ళు సర్దేటప్పుడు వేరు ఆ ఎముక హద్దు దాటితే చిగురుకు ఆధారం పోతుంది. దానికి గార, మొరటు తోముడు తోడైతే చిగురు జారుతుంది. క్లిప్పులు వేసిన డాక్టరుగారిని నేను తప్పుపట్టను. ముందుగా అడగనిది మేమే.

ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోయాం. తీరా చూస్తే మత్తు నోటివరకే. అంగిలి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి, బయటపడ్డ వేరుమీద పరచి, చిగురును పైకి జరిపి కుట్లు వేశారు. 1960లనాటి పద్ధతిలో అంగిలి పైపొరతో సహా తీసి అతికేవారు. రంగు కలవక అతుకు తెలిసిపోయేది. లోపలి పొర వాడే పద్ధతిని లాంగర్ అనే వైద్యులు 1985లో ప్రచురించారు. రెండు వారాలు అక్కడ బ్రష్షు తగలనివ్వకుండా, మందునీళ్ళు పుక్కిలిస్తూ, పెరుగన్నంతో గడిపింది. ఇప్పుడు ఐస్‌క్రీం హాయిగా తింటోంది.

అయితే ఒక మాట. పళ్ళ సందుల్లోని ఎముక, చిగురు చెడకపోతేనే వేరు పూర్తిగా కప్పబడుతుందని ఆశించవచ్చు. వేరు బాగా పక్కకు పోయివుంటే, ముందు దాన్ని ఎముకలోకి సర్దాలి. పొగతాగేవారికి అతుకు అంత బాగా పట్టదు.

కాబట్టి క్లిప్పులు వేయించేముందే "చిగురు తట్టుకుంటుందా?" అని అడగండి. తీశాక కూడా ఏటా చూపించండి. పిల్లలు జివ్వుమంటోందంటే నాలా కొట్టిపారేయకండి.