చెయ్యి నొప్పిని సంఘం పుస్తకంలో రాసినం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడినది)



మా సంఘంలో 10 మందిమి. అందరివీ పోచంపల్లి చీరలు నేసే ఇండ్లే. మగ్గం మీద మగవాళ్లు కూర్చుంటే, ఆసు పోసుడు, కండెలు చుట్టుడు మా పని. ఆసు తెలియని అక్కల కోసం చెప్తున్నాం. చిటికి కట్టి రంగులు అద్దే ముందు పేక నూలును ఒకవైపు ఉన్న కొయ్యకు, ఎదురుగా సగం చక్రం లెక్క ఉన్న మేకులకు చేత్తో చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దగ్గర దగ్గర 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. 4, 5 గంటలు పడుతుంది.

ఈ పనితో భుజాలు పోయినాయి. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేం. అయినా ఎవ్వరం బయట పెట్టలేదు. "ఆసు పోసే చెయ్యి నొయ్యక ఏం చేస్తది" అని మా అమ్మలు అన్నారు, మేమూ అదే అనుకున్నాం. నొప్పి గోలీ మింగి మళ్లీ ఆసు ముందు కూర్చున్నాం.

ఒక నెల మీటింగులో కిస్తీ కట్టలేదని ఒక అక్కను గట్టిగానే అడిగినం. ఆమె ఏడ్చింది. భుజం పట్టేసి 15 రోజులైంది, ఆసు లేక మగ్గం ఆగింది అని చెప్పింది. రోజూ గోలీలు మింగి కడుపులో పుండు కూడా అయ్యిందంట. మాకు సిగ్గనిపించింది. అప్పుడు ఒక్కొక్కరం నోరు విప్పితే, 10 మందిలో 8 మందికి అదే నొప్పి. గోలీలకు ఎంత పెడుతున్నామో ఆ రోజే పుస్తకంలో రాసినం. కొందరికి నెల పొదుపు కంటే అదే ఎక్కువ తేలింది.

ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి గురించి మీకు తెలుసు. ఆరో తరగతితో చదువు ఆపిన మనిషి. తల్లి లక్ష్మి గారి చెయ్యి నొప్పి చూడలేక ఏండ్ల తరబడి తిప్పలు పడి, 1999లో ఆసు యంత్రం తయారు చేసి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. మేము సంఘం అప్పు తీసుకొని ఒక యంత్రం కొన్నాం. వంతుల వారీగా వాడుకుంటున్నాం.

ఇక్కడ ఒక తప్పు కూడా చెప్పాలి. మాలో ఒక పెద్దమ్మ ఇతరుల ఇండ్లకు ఆసు పోసి కూలి తెచ్చుకునేది. యంత్రం వచ్చినాక ఆమెను ఎవరూ పిలవలేదు. "నా నొప్పి పోయింది బిడ్డా, నా బువ్వ కూడా పోయింది" అన్నది. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయినం. తర్వాతి మీటింగులో తీర్మానం చేసి యంత్రం దగ్గర ఆమెనే కూర్చోబెట్టినం. దారం తెగితే అతుకుతుంది, చీరకు ఇంత అని కూలి తీసుకుంటుంది.

నొప్పి మొత్తం పోయిందని అబద్ధం చెప్పం. కండెల పని అట్లనే ఉంది. రాట్నాన్ని పీట మీదికి ఎత్తుకున్నాం, అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేస్తున్నాం, సర్కారు దవాఖానలో చూపించుకోకుండా గోలీ మింగడం లేదు. గోలీలు రోజూ మింగితే కిడ్నీలు కూడా చెడతాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

అక్కలారా, మీది బీడీల పని కావచ్చు, కుట్టు పని కావచ్చు. వచ్చే మీటింగులో పొదుపు లెక్క అయినాక, "ఎవరికి ఎక్కడ నొస్తుంది" అని ఒక్క మాట అడగండి. కిస్తీ కట్టని అక్కను ముందు ఆ మాటే అడగండి.