పిల్లల టీకాలు: తల్లిదండ్రుల భయాలు, మన బాధ్యత

(అడిక్‌మెట్‌లో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొవిడ్ రోజుల్లో టీకాల విషయమై మన అడిక్‌మెట్ గల్లీల్లో తిరిగినప్పుడు మాకు తరచుగా ఎదురైన ప్రశ్న ఒక్కటే. "మేము వేయించుకున్నాము, సరే. పిల్లలకెందుకు?" అలా అడిగిన తల్లులను అజ్ఞానులని మేము ఆనాడు అనలేదు, ఈనాడూ అనము. టీకా వేయించక బిడ్డకు జబ్బు చేస్తే తఖ్దీర్ అనుకుంటాము. వేయించిన తరువాత ఏమైనా అయితే మన చేతులతో మనమే చేశామని కుమిలిపోతాము. వారి వెనుకంజకు మూలం ఈ భయమే.

దానికి మరొక గాయం తోడైంది. 2020లో నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో వ్యాధికి మతాన్ని అంటగట్టారు. అంతటి నింద మోసినవారికి ఇంటి ముందుకు వచ్చిన సూదిపై అనుమానం కలగడం వింత కాదు. మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ రిజిస్టర్లు రాసినవాళ్లము. "నిరాకరించారు" అని ఒక గడిలో రాయడం సులభం. ఎందుకని అడిగి, ఓపికగా జవాబు చెప్పడమే కష్టం.

ఇప్పుడు వాస్తవాలు చూద్దాము. 2022 జనవరి 3 నుంచి 15–18 ఏళ్లవారికి కొవాగ్జిన్, మార్చి 16 నుంచి 12–14 ఏళ్లవారికి కార్బెవాక్స్ ఇచ్చారు. తయారు చేసిన భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ రెండూ మన హైదరాబాద్ సంస్థలే. మొదటిదానిలో ఉన్నది నిర్జీవం చేసిన వైరస్. రెండవదానిలో ఉన్నది వైరస్ ప్రోటీన్‌లోని ఒక భాగం మాత్రమే. రెండింటి కూర్పులోనూ జెలటిన్ లేదు. సంతానం కలగదన్న పుకారుకు ఆధారం లేదు. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడూ ఈ మాటే వినిపించింది. ఆనాడు చుక్కలు తాగిన పిల్లలే నేడు తల్లిదండ్రులై ఈ సభలో కూర్చున్నారు.

పిల్లలలో కొవిడ్ తీవ్రత పెద్దలకంటే తక్కువన్నది నిజమే. ఆ టీకా స్వచ్ఛందమే. డాక్టరును అడిగి నిర్ణయించుకునే హక్కు మీకుంది. అయితే ఒక టీకాపై పుట్టిన అనుమానం అన్ని టీకాలకూ పాకడమే మా ఆందోళన. 2022 చివరలో ముంబయిలోని గోవండిలో, మనవంటి పేద ముస్లిం బస్తీలలో తట్టు చెలరేగి పసిబిడ్డలు మరణించారు. జబ్బుపడిన వారిలో చాలామందికి టీకా పడలేదు. కొవిడ్ కాలంలో మామూలు టీకాలు ఆగిపోవడం అందుకొక కారణం. అంత దూరమెందుకు? మన పక్కనే ఉన్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి నేటికీ డిప్తీరియా రోగులు వస్తూనే ఉన్నారు. టీకాతో ఆపగలిగిన జబ్బు అది.

కాబట్టి మనము రెండు పనులు చేయాలి. మొదటిది, మన హక్కు అడగాలి. టీకా గురించి ఉర్దూలో వివరించాలి. మహిళా సిబ్బంది రావాలి. కూలికి వెళ్లేవారికి వీలైన వేళ శిబిరం పెట్టాలి. టీకా తరువాత జ్వరం, వాపు వస్తే ఎవరిని కలవాలో ముందే చెప్పాలి. ఈ కోరికలతో అర్జీ రాసిపెట్టే బాధ్యత మాది.

రెండవది మీ బాధ్యత. ఈ రాత్రే బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. తట్టు–రుబెల్లా టీకా మొదటిది తొమ్మిది నెలలు నిండగానే, రెండవది 16–24 నెలల మధ్య పడాలి. డిప్తీరియాకు బూస్టర్ 16–24 నెలలకు ఒకటి, 5–6 ఏళ్లకు మరొకటి పడాలి. ఏదైనా తప్పిపోయి ఉంటే కార్డు తీసుకొని బస్తీ దవాఖానాకు వెళ్లండి. కార్డు పోయినా వెళ్లండి. తోడు కావాలంటే మేము వస్తాము.

మనపై వేసిన నిందకు పాలకులనూ పత్రికలనూ ప్రశ్నిద్దాము, నిలదీద్దాము. ఆ కోపానికి మూల్యం మాత్రం మన పిల్లలు చెల్లించకూడదు. తవక్కుల్ అంటే చేయవలసింది చేసి అల్లాహ్‌పై భారం వేయడమే.