అమ్మ భాషలో అచ్చు వేసిన దంపతులు



మనలో చాలామంది మొదటి అక్షరం పలక మీదే దిద్దారు. మార్కాపురం పలకలు మనకు తెలిసినవే. పలక అంటే పొరలు పొరలుగా చీలే రాయి. ఆ రాయి దూరాన ఉన్న వేల్స్ దేశంలో కూడా దొరుకుతుంది. వేల్స్ ఇంగ్లండును ఆనుకుని ఉన్న చిన్న దేశం. అక్కడి కొండలు తవ్వి పలకరాయి తీశారు. దాన్ని ఇళ్ళ పైకప్పులకు వేశారు. బడిపిల్లలకు రాసుకునే పలకలు చేశారు.

ఆ గనుల ప్రాంతంలో పుట్టిన ఇద్దరి కథ ఇది. ఆమె కేట్ రాబర్ట్స్. పంతులమ్మ, కథలు రాసిన మనిషి. ఆయన మోరిస్ విలియమ్స్. అచ్చు పని తెలిసినవాడు. వాళ్ళిద్దరూ భార్యాభర్తలు.

కేట్ 1891లో రోస్‌గాడ్‌వన్ అనే ఊళ్ళో పుట్టింది. నాన్న గనిలో రాయి కొట్టేవాడు. గని కూలితో ఇల్లు గడిచేది కాదు. అందుకని చిన్న చెక్క పొలం, ఇంత పాడి కూడా ఉండేవి. ఆ పని చాలావరకు అమ్మదే. ఆ ప్రాంతంలో ఉడికించిన బంగాళాదుంపల మీద మజ్జిగ పోసుకుని తినేవారు. మనం చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నట్టే అనుకోండి. పేదింటి తిండి ఎక్కడైనా అంతే.

గనిలో మధ్యాహ్నం కూలీలంతా ఒక చిన్న పాకలో చేరేవారు. దాన్ని 'కబాన్' అంటారు. అక్కడ టీ కాచుకునేవారు. తెచ్చుకున్న రొట్టె తినేవారు. తింటూ ఊరుకోలేదు. పాటలు పాడేవారు. పద్యాలు చెప్పేవారు. దేశం సంగతుల మీద వాదించుకునేవారు. బడి గడప ఎక్కువగా తొక్కని మనుషులు అక్కడ ఎంతో నేర్చుకున్నారు. తిండీ చదువూ ఒకే చూరు కింద సాగాయన్నమాట.

ఆ జనం మాట్లాడే భాష వెల్ష్. అయితే ఆ రోజుల్లో సర్కారు కాగితం ఇంగ్లీషులో వచ్చేది. కోర్టులో ఇంగ్లీషు. బడిలో కూడా చాలావరకు ఇంగ్లీషే. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఇంకో భాష.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. కేట్ తమ్ముడు ఒకడు సైన్యంలో చేరాడు. 1917లో చనిపోయాడు. ఆ దుఃఖమే కేట్ చేత కలం పట్టించింది.

ఆమె రాసిన ఒక నవల 1936లో అచ్చయింది. దాని పేరుకు 'సంకెళ్ళలో కాళ్ళు' అని అర్థం. అందులో ఒక తల్లి ఉంది. కొడుకు యుద్ధానికి వెళ్ళాడు. ఒకరోజు సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. తల్లికి ఇంగ్లీషు రాదు. కొడుకు పేరు మాత్రం గుర్తు పట్టింది. కాగితం పట్టుకుని ఊరి దుకాణానికి పరుగెత్తింది. దుకాణదారు చదివి చెప్పాడు. కొడుకు లేడని రాసి ఉంది.

ఆలోచించండి. ఆ తల్లి తన భాషలో మొద్దు కాదు. తెలివిగల మనిషి. కానీ కన్నకొడుకు చావు కబురు తను చదువుకోలేకపోయింది. ఎవరో చదివితే వినాల్సి వచ్చింది. తప్పు ఆమెదా? ఆమెకు రాని భాషలో రాసిన వాళ్ళదా?

ఇక పెళ్ళి సంగతి. కేట్ బాంగోర్ కాలేజీలో చదివి పంతులమ్మ అయింది. గని ప్రాంతం వదిలి దక్షిణాన బొగ్గు గనుల ఊళ్ళకు వెళ్ళి పాఠాలు చెప్పింది. తమ దేశం, తమ భాష నిలవాలని కొందరు 1925లో ఒక పార్టీ పెట్టారు. కేట్, మోరిస్ ఇద్దరూ అందులో పనిచేశారు. మోరిస్ ఆమె కన్నా సుమారు తొమ్మిదేళ్ళు చిన్న. అయినా ఇద్దరి మనసూ కలిసింది. 1928లో పెళ్ళి చేసుకున్నారు.

పెళ్ళితో కేట్ ఉద్యోగం పోయింది. ఆ రోజుల్లో అక్కడ చాలాచోట్ల పెళ్ళయిన ఆడవాళ్ళను టీచరుగా ఉంచేవారు కాదు. మగవాడికి ఆ అడ్డు లేదు. ఆడదానికే ఉంది. 1944లో వచ్చిన విద్యా చట్టం ఆ పద్ధతిని తీసేసింది. అప్పటికి కేట్ బడి వదిలి చాలా ఏళ్ళయింది.

బడి పోతే చదువు చెప్పడం ఆగుతుందా? ఆగలేదు. 1935లో మొగుడూ పెళ్ళాం కలిసి డెన్బీ అనే పట్టణంలో ఒక పాత అచ్చాఫీసు కొన్నారు. దాని పేరు గీ ప్రెస్. వెల్ష్ భాషలో పుస్తకాలు వేశారు. వారపత్రిక కూడా నడిపారు. చదువు వచ్చినవాడికి చదువుకోను ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే నేర్చిన అక్షరాలు తుప్పు పడతాయి. ఆ పుస్తకాలు, ఆ పత్రికే వాళ్ళిద్దరి బడి.

ఆ పని తేలిక కాదు. వారం వారం పత్రిక బయటికి రావాలి. కాగితం కొనాలి. కూలీలు ఇవ్వాలి. కేట్ పత్రికకు రాస్తూనే ఉంది. కానీ తన సొంత కథలకు తీరిక లేకపోయింది. 1937లో ఒక కథల పుస్తకం వచ్చింది. తర్వాత 1949 దాకా మరో కథా పుస్తకం లేదు. ఊరందరి రాతలూ అచ్చు వేసిన మనిషి సొంత రాత పన్నెండేళ్ళు పక్కన పెట్టింది.

1946లో మోరిస్ చనిపోయాడు. పిల్లలు లేరు. ప్రెస్సు ఉంది, పత్రిక ఉంది. ఇక అమ్మేసి కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. కేట్ అమ్మలేదు. ఇంకో పదేళ్ళు ఒక్కతే నడిపింది. ఇద్దరూ ఎత్తుకున్న బరువు ఒక్కతే మోసింది. ఆ దుఃఖంలోనే మళ్ళీ కథలూ మొదలుపెట్టింది. డెన్బీలో పిల్లలకు వెల్ష్ భాషలో చదువు చెప్పే బడి రావాలని కూడా పాటుపడింది.

ఆమె ఏం రాసింది? రాజుల గురించి కాదు. తనకు తెలిసిన వంటిల్లు, పొలం, గని, అప్పులు, ఆకలి. 1959లో ఒక పుస్తకం వచ్చింది. దాని పేరులోనే టీ ఉంది. కొండ మీద పూలపొదల మధ్య టీ అని అర్థం. ఇద్దరు చిన్నపిల్లలు తిండి మూట కట్టుకుని కొండకు బయల్దేరతారు. ఒక పిల్ల దగ్గర జెల్లీ ఉంది. జెల్లీ అంటే కదిపితే వణికే తీపి పదార్థం. దారిలో విన్ని అనే పేదింటి పిల్ల కలుస్తుంది. ఆ జెల్లీ కాస్తా విన్ని తినేస్తుంది. చెప్పుకుంటే అంతే. కానీ చదివితే తెలుస్తుంది. జెల్లీ పోయిన పిల్ల ఏడుపూ కనపడుతుంది. సవతి తల్లి చేతిలో నలిగిన విన్ని ఆకలీ కనపడుతుంది.

కేట్ 1985లో తన 94వ ఏట చనిపోయింది. తమ సాహిత్యానికి రాణి అని అక్కడి వాళ్ళు ఆమెను పిలుచుకున్నారు. ఆమె పుట్టిన ఇంటిని బాగుచేసి 2007లో జనం చూడడానికి తెరిచారు. 2011లో చేసిన చట్టంతో వెల్ష్‌కు వేల్స్‌లో అధికార భాష హోదా వచ్చింది. ఇప్పుడు అక్కడ సర్కారు కాగితాలు వెల్ష్‌లో కూడా వస్తాయి. నవలలోని ఆ తల్లి ఈనాడు ఉంటే దుకాణానికి పరుగెత్తే పని ఉండేది కాదు.

అక్షరం నేర్వడం ఒక మెట్టు. చదవను సొంత భాషలో పుస్తకం ఉండడం రెండో మెట్టు. మన బతుకు మనమే రాసుకోవడం మూడో మెట్టు. ఈ రాత్రి ఇంట్లో కూర్చుని ఆలోచించండి. మీ అమ్మ చేసిన ఏ వంట మీకు ఇప్పటికీ గుర్తుంది? ఎలా చేసేది? లేని రోజున ఏం పెట్టేది? నాలుగు వాక్యాలు రాయండి. తప్పులు పోతే పోనీయండి. రేపు తెచ్చి పదిమందిలో చదవండి.