పరపతి ఎవరి పేరు మీద?

(కడియంలో జరిగిన యువతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళో మాట చెల్లే మనిషిని పరపతి ఉన్నవాడంటాం. అప్పులిచ్చే సహకార సంఘాన్ని పరపతి సంఘం అంటాం. రెండిటికీ మూలం ఒకటే, నమ్మకం. అయితే 'పరపతి ఉన్నవాడు' అన్నంత తేలిగ్గా 'పరపతి ఉన్న ఆడమనిషి' అని మన నోట ఎందుకు రాదు?

ఇక్కడి నర్సరీలో పనిచేసే ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. అంటు కట్టడంలో మంచి పనిమంతురాలు. పావు ఎకరం కౌలుకు తీసుకుని సొంతంగా మొక్కలు పెంచుదామని అప్పుకు వెళితే, "నీ పేరు మీద బాకీ ఉంది" అన్నారట. "నేనెప్పుడూ పైసా అప్పు చెయ్యలేదండీ" అని ఏడ్చింది. ఆరా తీస్తే, పంతొమ్మిదేళ్ళప్పుడు మేనమామ ఆటో అప్పుకు హామీ సంతకం పెట్టింది. ఆయన కట్టడం మానేశాడు.

చట్టం ఏమంటుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. హామీ అంటే ఊరికే సాక్షి సంతకం కాదు.

ఇవాళ బ్యాంకులు మన చరిత్రను సిబిల్ వంటి సంస్థల దగ్గర చూస్తాయి. వాళ్ళిచ్చే మార్కులు 300 నుంచి 900 దాకా ఉంటాయి. వాయిదా తప్పితే తగ్గుతాయి. తెలిసినవాళ్ళ దగ్గర వేసే చీటీని పదేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టినా ఆ లెక్కలోకి రాదు. మన గాజులు తాకట్టు పెట్టి భర్త పేరున అప్పు తెస్తే, నగ మనది, మంచి పేరు ఆయనది! మైక్రోఫైనాన్సు అప్పు మన పేరున తెచ్చి ఇంట్లో మగవాళ్ళు వాడుకుంటే, వాళ్ళు కట్టకపోయినా చెడ్డపేరు మనదే. ఒకరి మీద నాలుగేసి అప్పులు పడి, వసూళ్ళ వేధింపులకు ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ళను చూశాకే కదా, 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆర్డినెన్సు వచ్చింది!

మరి ఏం చెయ్యాలి? మొదట మీ పేరున, మీరే నడిపే ఖాతా ఉండాలి. అప్పు తెస్తే చిన్నది, మీ పనికి పనికొచ్చేది తీసుకోండి. గడువుకు రెండు రోజుల ముందే కట్టండి. అంటు కట్టిన రోజే కాయ కాయదు, పరపతీ అంతే. కొంత మాఫీ చేసి ముగిస్తామంటే, అది కూడా మచ్చగానే నమోదవుతుందని గుర్తుంచుకోండి. అప్పు తీరాక బాకీ లేదన్న కాగితం అడిగి తీసుకోండి.

మీ చరిత్ర చూసుకోవడం మీ హక్కు. 2017 నుంచి ఏడాదికొకసారి ఆ నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

చివరగా సంతకం మాట. కొత్త కోడలు అత్తగారి ముందు, మేనకోడలు మేనమామ ముందు "పెట్టను" అనడం సులువని నేను చెప్పను. కనీసం మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? ఎవరు కడతారు? కట్టకపోతే ఎవర్ని అడుగుతారు? కాగితం నకలు తీసుకోండి. అడగడానికి భయమైతే సంఘానికి చెప్పండి, మీతో నలుగురం వస్తాం.

ఆ అమ్మాయి ఇప్పుడు కూలి డబ్బుల్లోంచి మామ బాకీ తీరుస్తోంది. కౌలుకు అనుకున్న పావు ఎకరం వేరేవాళ్ళకు పోయింది. ఒక్క సంతకం ఖరీదు అది. సంతకం నేర్చుకోవడానికి మన అమ్మలు రాత్రిబడులకు వెళ్ళారు. ఆ సంతకాన్ని కాపాడుకోవడం మన వంతు.