ఉమ్మడి చెరువు: శాస్త్రగణన సాఫ్ట్‌వేరును గూర్చి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై సాహిత్యమును, సంగీతమును గూర్చి ప్రసంగించుట పరిపాటి. కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చిన ప్రసంగ మిచ్చట ఏల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పదిమంది కలిసి నిర్మించి, వేయిమంది అనుభవించి, తరువాతి తరమువారికి అప్పగించునదే సంస్కృతి. ఈ లక్షణము నేడు శాస్త్రజ్ఞులు వాడు కొన్ని సాఫ్ట్‌వేరులకు చక్కగా వర్తించును. వానిని ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు లందురు.

ప్రతి ప్రోగ్రామునకును రెండు రూపములు కలవు. మనుష్యుడు వ్రాసి, మరియొక మనుష్యుడు చదువదగినది మొదటిది. అదియే సోర్సు, అనగా మూలరూపము. యంత్రము మాత్రమే గ్రహింపగలది రెండవది. విక్రయించు సంస్థలు సామాన్యముగా రెండవదానినే యిచ్చును. అది వంటకమును వడ్డించి వంటవిధమును దాచుట వంటిది. ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరునందు వంటకమును, వంటవిధమును గూడ చేతికిత్తురు.

ఇందుకు ఒక్క ఉదాహరణము చాలును. గణాంకశాస్త్రమున ప్రపంచమంతట వాడుకలోనున్న ఆ సాఫ్ట్‌వేరు పేరు ఒకే యక్షరము: ఆర్. న్యూజీలాండు దేశమున ఆక్లండు విశ్వవిద్యాలయమునందు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థుల ప్రయోగశాలకు తగిన సాధనము లేకపోవుటచే దీనిని వ్రాయ నారంభించిరి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జాన్ చేంబర్సు మున్నగువారు 1976 నుండి రూపొందించిన ఎస్ అను భాష దీనికి ఆదర్శము. ఇద్దరి పేర్లలోని మొదటి యక్షరమును ఆర్ అగుట వలనను, ఎస్ భాషను స్ఫురింపజేయుట కొరకును ఆ పేరు పెట్టిరి.

1993 ఆగస్టులో వారు దీనిని ఇతరులకు చూపిరి. స్విట్జర్లండులో జూరిక్ నగరమందలి మార్టిన్ మేష్లర్ అను గణాంకవేత్త ప్రోత్సహింపగా 1995 జూన్‌లో మూలరూపమును జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద లోకమునకు విడిచిరి. ఆ లైసెన్సు సారాంశ మిది: ఎవరైనను వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును, కాని మార్చి పంచువారు మూలమును గూడ అవే హక్కులతో ఇయ్యవలెను. దానము పుచ్చుకొన్నవాడు దానిని తాళము వేసి దాచరాదన్నమాట. ఇద్దరి వలన సాగని పని యగుటచే 1997లో వివిధ దేశములవారితో ఒక నిర్వాహక బృందమేర్పడెను. 2000 ఫిబ్రవరి 29వ తేదీన మొదటి పూర్ణరూపము వెలువడెను.

ఇక దీనిని కంప్యూటరునందు స్థాపించుకొను విధము. 1997లో వియన్నా నగరమున కుర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిష్ లైష్ అనువారు క్రాన్ అను భాండాగారమును నెలకొల్పిరి. దాని ప్రతిబింబములు పెక్కుదేశములందు కలవు. అచ్చటినుండి విండోస్, మాక్, లినక్సులలో దేనికి తగిన ప్రతిని దానికి దించుకొనవచ్చును. కాసు చెల్లింప నక్కరలేదు. ప్రత్యేకమైన పనులకు ప్యాకేజీలు కలవు. వాని సంఖ్య నేడు ఇరువదివేలకు మించినది. ఒక ప్యాకేజీని కోరినచో దానికి ఆధారమైన ఇతర ప్యాకేజీలును వెంటవచ్చును.

స్థాపన మధ్యలో ఆగిపోవుటయు కలదు. ముఖ్యముగా లినక్సునందు మూలరూపమును అప్పటికప్పుడు యంత్రరూపమునకు మార్చవలసి వచ్చినపుడు, సి, ఫోర్ట్రాన్ భాషల కంపైలరులలో ఏదైన లోపించినచో తెరపై వరుసగా దోషవాక్యములు కనబడును. పెక్కుమంది చివరి వాక్యమును చదివి నిరాశ చెందుదురు. చివరివాక్యము పని చెడిపోయెనని మాత్రమే చెప్పును. ఏల చెడెనో పైనున్న మొదటి దోషవాక్యము చెప్పును. దానిని చదివినవారికి సగము పని తీరినట్లే. కార్యాలయపు కంప్యూటరునందైనచో స్థాపనకు ముందు తగిన అధికారి అనుమతి పొందవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మూలము కనబడుట వలన లాభమేమి? ప్రోగ్రాములు వ్రాయనివారికి అది యెట్లుపయోగించును? ఈ ప్రశ్నకు 2019లో జరిగిన యొక సంగతి సమాధానము.

వేలాది గ్రామములనుండియో, లక్షలాది కుటుంబములనుండియో కొన్నిటిని యాదృచ్ఛికముగా ఎన్నుకొని సర్వే చేయుట ప్రభుత్వములందు నిత్యకృత్యము. జాబితాలోని ప్రతి పేరునకును సమానావకాశ ముండవలెననుట అందలి ధర్మము. ఆర్‌లో ఈ ఎన్నిక చేయుటకు సాంపిల్ అను ఆజ్ఞ కలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన కెల్లీ ఒట్టబోని, ఫిలిప్ స్టార్క్ అనువారు ఆ ఆజ్ఞ మూలమును పరిశీలించి, జాబితా మిక్కిలి పెద్దదైనపుడు అవకాశములు సమానముగా లేవని చూపిరి. కారణ మిది. పది కుంచముల ధాన్యమును, కుంచమును విడగొట్టకుండ మూడిండ్లకు పంచినచో, ఇంటికి మూడేసి పోగా మిగిలిన కుంచము ఏదో యొక యింటికి చేరును. యంత్రము చేతిలోని యాదృచ్ఛిక సంఖ్యలును పరిమితములే గనుక, పంచగా మిగిలినవి కొన్ని పేర్లకు అదనపు అవకాశము నిచ్చుచుండెను. జాబితా చిన్నదైనపుడు ఈ భేదము కంటికి ఆనదు. మిక్కిలి పెద్దదైనపుడు గుర్తింపదగినంత యగును.

2019 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్ 3.6.0లో ఈ దోషమును సవరించిరి. మిగులు కుంచమును ఎవరికిని ఈయక త్రోసివేసి మరల కొలుచుటయే నూతన విధానము. పాతవిధానమును తుడిచివేయలేదు; కోరినవారు దానిని పేరుపెట్టి పిలుచుకొనునట్లు ఉంచిరి. పూర్వము చేసిన గణనలను తిరిగి సరిచూచుటకు అది యవసరము. ఫైలులో పాత నోటును చింపక, దాని క్రింద సవరణను వ్రాసి తేదీ వేయు అలవాటున్న కార్యాలయోద్యోగులకు ఈ మర్యాద సుపరిచితమే.

మూలము దాగియున్నచో బయటివారు ఈ తప్పును ఇంత సూటిగా చూపగలిగెడివారు కారు. సర్వేలో ఎన్నికకాని కుటుంబము తాను లెక్కలోనికి ఎందుకు రాలేదని అడుగజాలదు. దాని పక్షమున అడుగవలసినది లెక్క చేయు విధానమును చదువగల పరాయివారే.

ఇక తోడ్పాటు మాట. పల్లెలలో చెరువు ఉమ్మడి సొత్తు. నీరు పారించుకొనువారందరును ఏటేట పూడిక తీయుటకు ఇంటికొక మనిషిని పంపెడివారు. పంపుట మానిననాడు చెరువు ఒక్కసారిగా ఎండదు, ఏటికేడు పూడిపోవును. ఈ సాఫ్ట్‌వేరు స్థితియు నట్టిదే. క్రాన్‌లోని ప్రతి ప్యాకేజీకిని ఒక నిర్వాహకు డుండును. చూపిన దోషములను అతడు సవరింపనిచో ప్యాకేజీని వాడుక వరుసనుండి తొలగించి పాతప్రతుల అరలో నుంతురు. దానిపై ఆధారపడిన ఇతర ప్యాకేజీలకును అప్పుడు చిక్కు వచ్చును.

తోడ్పడుటకు ప్రోగ్రాము వ్రాయ నేర్చియుండవలెనను భయము వలదు. మొదటిది, చేసిన గణనలో వాడిన సాఫ్ట్‌వేరు పేరును, రూపసంఖ్యను నివేదికలో పేర్కొనుట. ఎట్లు పేర్కొనవలెనో సైటేషన్ అను ఆజ్ఞ స్వయముగా చెప్పును. రెండవది, దోషమును తెలియజేయుట. పని చేయుటలేదని వ్రాసిన ఉత్తరము ఎవరికిని ఉపకరింపదు. ఏ ఆజ్ఞ యిచ్చిరి, ఏమి వచ్చునని తలచిరి, ఏమి వచ్చినది, ఏ రూపసంఖ్య అను నాలుగు సంగతులను, దోషమును మరల పుట్టించు అతిచిన్న ఉదాహరణముతో గూడ పంపవలెను. మూడవది, వివరణపత్రములలోని అస్పష్టవాక్యములను సరిచేయుట. నాల్గవది, అనువాదము. ప్రోగ్రాము పలుకు వాక్యములు వేరొక పత్రమున వరుసగా నుండును. ఒక్కొక్క ఆంగ్లవాక్యము క్రింద స్వభాషావాక్యమును వ్రాయుటయే పని. దీనికి కావలసినది భాషయందు శ్రద్ధ. సచివాలయములందు ముసాయిదాలు దిద్ది చేయి తిరిగినవారికి ఇది మిక్కిలి తగిన సేవ.

ఈ చెరువులో తెలుగువారి నీరును కలదు. 1920లో హడగలిలో తెలుగుకుటుంబమున జన్మించి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంకసంస్థలో దీర్ఘకాలము పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 2023 ఆగస్టులో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి. 1948లో ఆయన ప్రకటించిన స్కోరు పరీక్ష నేడు గణాంకశాస్త్రమున మూలస్తంభములలో నొకటి. ఆర్‌లో రెండు నమూనాసూత్రములను పోల్చునపుడు ఏ పరీక్ష వాడవలెనని నిర్దేశించుచోట రావు అని వ్రాసినచో ఆ పరీక్షయే జరుగును. ఆక్లండులో పుట్టి వియన్నాలో భద్రపరుపబడిన ప్రోగ్రాములో తెలుగింటి పేరొకటి ఆజ్ఞగా నిలిచినది.

భారతప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును ప్రభుత్వ కార్యములందు స్వీకరించుటకు ఒక విధానమును ప్రకటించెను. బొంబాయి ఐ.ఐ.టి.లో కేంద్ర విద్యాశాఖ ధనసహాయముతో సాగు ఫాసీ అను పథకమున, పాఠ్యగ్రంథములలోని లెక్కలను విద్యార్థులచే ఆర్ మొదలగువానిలో చేయించి అందరికి అందించుచున్నారు. ఆ సంస్థలోనే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పథకమున పాఠములు తెలుగు మున్నగు భారతీయ భాషలలోనికిని వచ్చుచున్నవి. కళాశాలలో చదువు పిల్లలున్న ఇండ్లవారు ఈ రెంటిని గూర్చి వారికి చెప్పినచో మేలు. పిల్లలు ఖరీదైన సాఫ్ట్‌వేరు కొరకు దొంగప్రతులను వెదుకుట కంటె, నిర్భయముగా వాడదగిన దానిని నేర్చుట గౌరవము.

ఈ సంఘమునందు గణాంకశాఖలలో పనిచేయువారు కొందరు, అనువాదమందు ప్రవీణులు కొందరు, చదువుకొను పిల్లలు పెక్కుమంది కలరు. వారములో ఒక సాయంకాలము ఈ మువ్వురును ఒకచోట కూర్చుండి, ఆర్‌ను స్థాపించి, ఒక పాఠమును చూచి, కనబడిన సందేహమును వ్రాసి పంపినచో ఆరంభమునకు అది చాలును. అట్టి సాయంకాలమును సంఘకార్యక్రమములలో చేర్చవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచు ఈ ప్రసంగము ముగియుచున్నది.