స్లైడు చదవడం వస్తే సరిపోదు
(పీజీ వైద్య విద్యార్థులు, యువత కూర్చున్న సమావేశంలో మాట్లాడినది)



నేను డాక్టర్ని కాదు, మామూలు డిగ్రీ చదివినోణ్ణి. అయినా ఎండీ పాథాలజీ చేసినవాళ్లు బ్రిటన్‌లో స్పెషలిస్టుగా ఎట్ల నమోదు కావాలో చెప్పడానికి నిలబడ్డాను. మా పెదనాన్న బిడ్డ, మా అక్క, మూడేళ్లుగా ఆ పనిలోనే ఉంది. తను అక్కడ, తన కాగితాలు ఇక్కడ. వాటికోసం తిరిగింది నేను.

అక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావడం వేరు, స్పెషలిస్టు రిజిస్టర్‌లోకి ఎక్కడం వేరు. రెండూ జనరల్ మెడికల్ కౌన్సిల్ చేతిలోనివే. రెండోది లేకుంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో శాశ్వత కన్సల్టెంట్ పోస్టు రాదు. మొదటిదానికి ఇంగ్లిషు రుజువు కావాలి. ఐఈఎల్‌టీఎస్ రాస్తే మొత్తమ్మీద 7.5 రావాలి, ఏ విభాగంలోనూ 7కి తగ్గొద్దు. ఆ తర్వాత ప్లాబ్ పరీక్ష, లేదంటే రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ వాళ్ల ఎఫ్‌ఆర్‌సీపాథ్.

రెండోదానికి, అక్కడి ట్రైనింగ్‌లో చేరకుండా బయట నేర్చుకుని వచ్చినవాళ్లకున్న దారి పేరు పోర్ట్‌ఫోలియో పాత్‌వే. 2023 నవంబర్ దాకా సీఈఎస్‌ఆర్ అనేవాళ్లు. ఇప్పటికీ చాలామంది నోట పాత పేరే ఉంది.

మా అక్క మొదటి దెబ్బ ఇక్కడే తిన్నది. మన ఎండీలో కణజాలం, సైటాలజీ, రక్త పరీక్షలు, బ్లడ్ బ్యాంకు అన్నీ కలిపి నేర్పుతారు. అక్కడ హిస్టోపాథాలజీ వేరు, హెమటాలజీ వేరు. హెమటాలజిస్టు అంటే ల్యాబులో కూర్చునేవాడు మాత్రమే కాదు, రోగి మంచం దగ్గరికి పోయి వైద్యం చేసే డాక్టరు. అక్క థీసిస్ సికిల్ సెల్ మీద. మన పిల్లల రక్తం చూసీ చూసీ నేర్చుకున్న విద్య అది. హిస్టోపాథాలజీ ఫైలు కట్టేటప్పుడు అది దాదాపు పక్కకు పోయింది. ఆ రోజు ఫోన్లో ఏడ్చింది.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. మొదటి భాగం రాతపరీక్ష. రెండోది మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి పని చూసే పరీక్ష. అందులో సర్జికల్ కేసులే 20, వాటికి 3 గంటల 20 నిమిషాలు. పేషెంటు ఆపరేషన్ బల్ల మీద ఉండగానే జవాబు చెప్పే ఫ్రోజెన్ సెక్షన్, సైటాలజీ కూడా ఉంటాయి. కష్టమే. కానీ చదివితే అయ్యే కష్టం. అక్క దాటింది.

చదివితే తీరని కష్టం ఆధారాలది. నువ్వు పని చేశావని కౌన్సిల్‌కు కాగితం మీద చూపాలి. ఎన్ని కేసులు, ఏ అవయవానివి, నువ్వే రాసిన రిపోర్టులేవి, ఎక్కడ తప్పావు, తర్వాత ఏం మార్చుకున్నావు. సర్జన్లు, క్యాన్సర్ డాక్టర్లతో కలిసి ఒక్కో కేసు మీద కూర్చుని మాట్లాడినట్టు రుజువు. ఆడిట్ చేసి, లోపం సరిచేసి, మళ్లీ లెక్క చూసిన రికార్డు. ప్రతి కాగితంలో పేషెంటు పేరు కనబడకుండా కొట్టేయాలి. అక్కడ నీ పని చూసిన సీనియర్ ఆ జాబితా మీద సంతకం పెట్టాలి.

అక్క పనిచేసిన ఆసుపత్రిలో పాత రిజిస్టర్లకు చెదలు పట్టాయి. విభాగాధిపతి రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నేను రెండు బస్సులు మారి పోతే ఆయన, పాపం, మంచం మీద ఉన్నా లేచి కూర్చుని సంతకం పెట్టారు. అదే ఆసుపత్రి ఆఫీసులో ఒక గుమాస్తా మాత్రం నన్ను ఐదుసార్లు తిప్పాడు.

పోడు పట్టాలకు 2005 డిసెంబర్ 13 కంటే ముందునుంచి సాగులో ఉన్నట్టు చూపమంటే మనోళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో మీకు తెలుసు. అక్కడైనా ఊరి పెద్దల వాంగ్మూలం ఒక ఆధారమని నిబంధన ఉంది. ఇక్కడ కాగితం లేని మాట నిలవదు.

పేరు సంగతి కూడా వినండి. డిగ్రీ అసలుదా కాదా అని మన యూనివర్సిటీనే అడిగి తేల్చుకుంటారు. మన ఇంటిపేర్లు బడిలో పంతులు చెవికి ఎట్ల వినబడితే అట్ల రాశారు. ఒకచోట మడకం, ఒకచోట మడకాం. పాస్‌పోర్టులో ఇంకోటి. ఇది పీజీ అయ్యాక కాదు, ఈ నెలలోనే సరిచేసుకోండి.

డబ్బు గురించి అడుగుతున్నారు. ప్రభుత్వం ఇచ్చే ఎస్టీ విదేశీ స్కాలర్‌షిప్పులు యూనివర్సిటీ చదువులకు ఉద్దేశించినవి. ఈ పరీక్షలు, రిజిస్ట్రేషన్ ఫీజులు చేతి నుంచే పెట్టుకోవాలి. అక్క అక్కడ నైట్ డ్యూటీలు చేసి కట్టింది.

ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు: "మనకే డాక్టర్లు లేరు, ఉన్నోళ్లకు పోయే దారి చెప్తావేంది బిడ్డా?" ఆయన బాధ నాకూ ఉంది. కానీ పట్నం డాక్టరు కొడుకు లండన్ పోతే గొప్ప, మన పిల్ల పోతే ద్రోహమా? అయినా కేసుల లెక్క రాసిపెట్టుకునే అలవాటు ఏజెన్సీ ఆసుపత్రిలో ఉండేవాళ్లకూ పనికొస్తది. ఏటా ఎన్ని క్యాన్సర్లు ఆలస్యంగా వస్తున్నాయో మన దగ్గర ఆ లెక్క ఎవరు కట్టారు?

అక్క దరఖాస్తు ఇంకా పోలేదు. ఒక ఆడిట్ రెండో విడత మిగిలింది. తను రాసిపెట్టుకున్న కాగితాల పట్టిక నా సంచిలో ఉంది. పీజీ చేస్తున్నవాళ్లు భోజనాలయ్యాక వేపచెట్టు కిందికి రండి, ఫోటో తీసుకోండి.