ఇంకాల చేతిపనులు – మన జాతీయ మ్యూజియము

(ద్వారకలో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇంకాలను గూర్చి మాట్లాడెదనని చెప్పగా, "ఇంకా ఎవరెవరిని గూర్చి?" అని మన కార్యదర్శిగారడిగిరి. మన భాషలో ఆ మాటకున్న అర్థము తెచ్చిన చిక్కది. నేను చెప్పబోవునది దక్షిణ అమెరికాలో, ఆండీస్ పర్వతముల నడుమ, పదునైదవ శతాబ్దమున మహాసామ్రాజ్యమును నిర్మించి, నూరేండ్లు నిండుటకు అటునిటుగా, 1532లో స్పెయిన్ దేశీయుల పాలబడిన జాతిని గూర్చి. వారికి ఇనుము తెలియదు, బండిచక్రము లేదు, లిపి లేదు. అయినను వేల మైళ్ల బాటలు వేసిరి.

ఇంత దూరపువారితో ఢిల్లీలోని తెలుగువారికేమి పని అని మీకు తోచవచ్చును. మనలో పెక్కుమంది ద్వారకలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, కేంద్ర సచివాలయ స్టేషనులో దిగి ఏండ్ల తరబడి కార్యాలయములకు పోయినవారమే. ఆ స్టేషనుకు నడకదూరమున, జనపథముపై జాతీయ మ్యూజియమున్నది. 1949 ఆగస్టు 15న నేటి రాష్ట్రపతి భవనమున రాజాజీగారు ప్రారంభించిన సంస్థ అది. జనపథముపై దానికి కట్టిన భవనమును 1960 డిసెంబరు 18న నాటి ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిరి. బొంబాయిలో పార్శీ కుటుంబమున 1902లో జన్మించి, న్యూయార్కులో ప్రాచీన కళావస్తువుల వర్తకుడుగా పేరుగాంచిన నస్లీ హీరామానెక్, ఆయన భార్య ఆలిస్, కొలంబసునకు పూర్వపు అమెరికా కళాఖండములను సేకరించి ఈ మ్యూజియమునకు దానమిచ్చిరి. ఇండియాకని బయలుదేరిన కొలంబసు అమెరికా చేరెను. నాలుగు వందల ఏండ్లు దాటిన పిమ్మట అమెరికా వస్తువులు అసలైన ఇండియాకు చేరినవి!

ఇంకాలనగానే అందరును బంగారమును తలచెదరు. ఆ బంగారములో మిగిలినది బహు స్వల్పము. కహమార్కా పట్టణమున పిజారో చేతికి చిక్కిన చక్రవర్తి అతవాల్ప, ఒక గదిని ఒకమారు బంగారముతోను రెండుమార్లు వెండితోను నింపి ఇచ్చి విడుదల పొందగోరెను. పాత్రలు, ప్రతిమలు, ఆలయపు గోడల రేకులు బారులు తీరి వచ్చినవి. వానిని నెలల తరబడి కరగించి కడ్డీలు చేసిరి. కరగించుటకు ఆ దేశపు కంసాలులనే నియమించిరి. తాము పోసిన పోతను తామే కరగించిన ఆ పనివాండ్ర మనఃస్థితి ఎట్టిదో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. అంతయు చెల్లించిన తరువాత 1533లో చక్రవర్తిని చంపిరి. కనుక నేడు ప్రపంచపు మ్యూజియములలో ఇంకాల పేర నిలిచినది అధికభాగము మన్ను, కొయ్య, రాయి, నూలు, ఉన్ని. దొంగకు పనికిరానిదే మనకు దక్కినది.

వానిలో నాకు అన్నిటికంటె ప్రియమైనది కేరో అను కొయ్య పానపాత్ర. అది మన పెద్ద లోటా వలె నడుము సన్నగిలి, అంచు విచ్చుకొని యుండును. విశేషమేమన, దానిని ఎన్నడును ఒంటిగా చేయరు, జంటగానే చేయుదురు. మొక్కజొన్నతో కాచిన చిచా అను పానీయమును రెంట నింపి, ఒకటి తాను త్రాగి, రెండవది అతిథికిత్తురు. పొత్తు కుదిరినను, పొలము పని కలిసినను, రాజు సామంతుని మన్నించినను ఈ జంటపాత్రలే సాక్షి. అతవాల్ప సోదరుని కుమారుడైన టిటు కుసి 1570లో చెప్పి వ్రాయించిన వృత్తాంతమున, తన పెదతండ్రి బంగారు పాత్రలో చిచా ఈయగా స్పెయిన్ వారు దానిని నేలపై పారబోసిరని, అలుక అక్కడనే మొదలైనదని కలదు. పాత్ర విలువ ఎన్ని తులములో వారికి తెలిసినది; దానిని అందుకొనుటలోని అర్థము తెలియలేదు. తరువాతి కాలమున ఈ కొయ్యపాత్రలపై చెట్టుబంకతో రంగులు పొదిగిరి. మన ఏటికొప్పాక లక్కపని చూచినవారికి ఆ నిగనిగ క్రొత్తగాదు.

ఇక వస్త్రము. ఇంకాలకు బంగారముకంటె మిన్న అది. కుంబి అను మేలిరకపు బట్టను సూర్యాలయములకు చేరిన కన్యలును, రాజు పోషించెడి నేతగాండ్రును నేసెడివారు. కొన్నింట అంగుళమునకు 200 పోగులకు మించి యుండును. యోధునికి బహుమానము వస్త్రము, సామంతునికి మర్యాద వస్త్రము, సూర్యునికి హోమద్రవ్యము వస్త్రమే. ఇంటికి వచ్చిన ఆడబిడ్డకు, వియ్యపురాలికి బట్టలు పెట్టనిదే పంపని మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పోచంపల్లి, ఉప్పాడ మగ్గములు చూచినవారు కుంబి ముక్క ఎదుట ఎక్కువసేపు నిలుతురు.

కీపు అను త్రాళ్ల కట్టను గూర్చి మనబోటి గుమాస్తా సంతతి చెప్పుకొనవలె. ఒక పెద్ద త్రాటికి చిన్న త్రాళ్లు వ్రేలాడదీసి, వానికి ముళ్లు వేసి జనాభా, ధాన్యము, పన్నులు లెక్క కట్టెడివారు. అది దశాంశ పద్ధతి యని 1912లో లేలండ్ లాక్ అను అమెరికా దేశీయుడు నిరూపించెను. మన అమ్మలు మరపు రాకుండ కొంగున ముడివేసికొన్నట్లే. కాని వారు ఆ ముడితో సామ్రాజ్యమునే నడిపిరి.

కోనోపా అనునది అరచేతిలో ఇమిడెడి రాతి లామా. వీపున గుంట యుండును. అందు క్రొవ్వు, కోకా ఆకు ఉంచి, మంద వృద్ధి కొరకు నేలలో పాతిపెట్టెదరు. కనుమనాడు పశువులకు పూజచేసెడి ఇండ్లలో పెరిగినవారికి ఇది వింతగాదు. అయితే అన్నియు ఇట్టి సాధువస్తువులే యనుకొనరాదు. 1999లో అర్జెంటీనాలో యుయాయాకో శిఖరముపై, 6,700 మీటర్ల ఎత్తున, బలియిచ్చిన ముగ్గురు పిల్లల దేహములతోపాటు చక్కని చిన్న బొమ్మలు దొరికినవి. ఆ పనితనమును మెచ్చుకొనునపుడు అదియు గుర్తుండవలె.

ఇక నా అసలు విన్నపము. నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనములలో "యుగే యుగీన్ భారత్" అను పేర నూతన జాతీయ మ్యూజియము నెలకొల్పెదమని 2023లో ప్రభుత్వము ప్రకటించినది. దస్త్రములు తిరిగిన నడవలలో విగ్రహములు నిలుచుట సంతోషమే. కాని భారతదేశపు గాథ చెప్పుటకు ఏర్పడెడి భవనమున ఆండీసు కొండల వస్తువులకు చోటెక్కడ? పెట్టెలలో కట్టి గిడ్డంగికి చేర్చినచో అడిగెడి వారెవరు? ప్రభుత్వ విధానముపై వ్యాఖ్యానించుట ఉద్యోగినైన నాకు తగదు. సందర్శకునిగా కోరిక చెప్పుకొనుటకు అడ్డులేదు. మన అమరావతి శిలలు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. అవి మనకు తిరిగి రావలెనా అన్నది వేరు మాట. అచ్చట నున్నంతకాలము వెలుతురులో, పేరుతో, ఊరితో నిలువవలెనని మనలో కోరనివారెవరు? పెరూ ప్రజలకును తమ వస్తువులపై అట్టి మమకారమే. హైరం బింగ్‌హాం 1912లో మాచుపిచ్చున తవ్వించి యేల్ విశ్వవిద్యాలయమునకు కొనిపోయిన వానికై వారు ఏండ్ల తరబడి పోరాడి, 2011, 2012 సంవత్సరములలో తిరిగి రప్పించుకొనిరి. హీరామానెక్ దంపతుల సేకరణ దానముగా వచ్చినదే. అయినను దానము పట్టినవానికి కొంత బాధ్యత గలదు: ఆ వస్తువు ఏమిటో, దేనికి వాడిరో చెప్పెడి నాలుగు వాక్యములు దాని ప్రక్కన నుంచుట. ఆ వాక్యములు హిందీ, ఇంగ్లీషులతోపాటు మన భాషలలోను ఉన్నచో మరియు మేలు.

మ్యూజియమునకు సోమవారము సెలవు. కావున ఒక ఆదివారము మనమందరము పిల్లలతో కలిసి పోవుదమని ప్రతిపాదించుచున్నాను. అమెరికా వస్తువులను చూడగోరుచున్నామని ముందుగా ఉత్తరము వ్రాయు భారము కార్యదర్శిగారు స్వీకరింతురని ఆశించుచున్నాను. ముసాయిదా నేను సిద్ధపరచి తెచ్చితిని.